సగం అందిన సమన్లు: పెద్దల గేటు దగ్గర దావా ఎలా ఆగిపోతుంది

2021 ఆగస్టు 9న న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టులో వర్జీనియా జూఫ్రే బ్రిటన్ రాణి కొడుకు ప్రిన్స్ ఆండ్రూ మీద దావా వేశారు. మైనరుగా ఉన్నప్పుడు తన మీద లైంగిక దాడి చేశాడన్నది ఆమె ఆరోపణ. ఆయన మొదటి నుంచీ కాదంటూ వచ్చారు. దావా కాగితాలు పట్టుకుని ఆగస్టు 26న ఒక మనిషి విండ్సర్‌లోని రాయల్ లాడ్జ్ గేటు దాకా వెళ్ళాడు. అక్కడివాళ్ళు తీసుకోకుండా తిప్పి పంపారు. మర్నాడు మళ్ళీ వెళితే, ప్రధాన ద్వారం దగ్గర డ్యూటీలో ఉన్న పోలీసు అధికారి కాగితాలు తీసుకుని, ఆయన న్యాయవాదులకు చేరవేస్తామన్నాడు. సెప్టెంబరు 13న కేసు మొదటిసారి పిలిచినప్పుడు ఆండ్రూ లాయరు ఈ సర్వీసు, అంటే సమన్లు అందించిన తీరు, చెల్లదని వాదించారు. 16న జడ్జి లూయిస్ కాప్లన్ ఇంకో దారి తెరిచారు: విండ్సర్ గేటుతో పని లేదు, అమెరికాలో ఉన్న ఆయన లాయరు చేతికే ఇవ్వండి అన్నారు. తర్వాత కొద్ది రోజులకే సమన్లు అందినట్టు రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. 2022 ఫిబ్రవరిలో కేసు రాజీ అయింది.

ఆ నెలన్నర గొడవలో పట్టుకోవలసిన విషయం ఒకటుంది. ప్రపంచమంతా పేపర్లలో చదివిన దావా గురించి తమ క్లయింటుకు తెలియదన్నది అక్కడ వాదనే కాదు. తెలిసింది, కాగితం గేటు దాకా వచ్చింది, కానీ చట్టం చెప్పిన దారిలో రాలేదన్నదే వాదన. పలుకుబడి ఉన్న ప్రతివాదికి కావలసింది ఈ స్థితే. సమన్లు అసలు అందకపోవడం కన్నా సగం అందడం వల్ల అతనికి ఎక్కువ లాభం.

మన సివిల్ కోర్టుల్లో ఇది ఎలా పనిచేస్తుందో చూడాలి. సమన్లు సరిగ్గా అందితే ప్రతివాది 30 రోజుల్లో రిటన్ స్టేట్‌మెంట్ (దావాకు రాతపూర్వక జవాబు) వేయాలి, కోర్టు అనుమతిస్తే 90 రోజుల దాకా. అసలు అందకపోతే కోర్టు ప్రత్యామ్నాయ సర్వీసుకు పోతుంది. అటూ ఇటూ కాకుండా సగం అందితేనే ముప్పు. వాది అందిందనుకుంటాడు. ప్రతివాది రాలేదు కాబట్టి అతని వాదన వినకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది. అమలు పిటిషన్ వేసి ఆస్తి జప్తు దాకా వెళ్ళేసరికి ప్రతివాది మంచి లాయర్ని పెట్టుకుని ‘నాకు సమన్లే అందలేదు’ అంటాడు. ఫైల్లో సర్వీసు రిపోర్టు బలంగా లేకపోతే డిక్రీ కొట్టుకుపోతుంది, కేసు మొదటి వాయిదాకు వచ్చి నిలబడుతుంది. గడిచిన సంవత్సరాలు వాదికి ఎవరూ తిరిగి ఇవ్వరు.

దీనికి చట్టంలో రెండు మెట్లున్నాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 13 కింద ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని అడగవచ్చు. అడగడానికి గడువు లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 123 ప్రకారం 30 రోజులు. ఆ 30 రోజులు ఎప్పటి నుంచి అన్నదే అసలు విషయం. సమన్లు సక్రమంగా అందిన ప్రతివాదికి డిక్రీ తేదీ నుంచి. అందని ప్రతివాదికి డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి. అదే ఆర్టికల్ కింద ఒక వివరణ ఉంది, చాలామంది వాదులకు అది ఆలస్యంగా తెలుస్తుంది: కోర్టు ఉత్తర్వుతో పేపర్లో వేయించడం లాంటి, ఆర్డర్ 5 రూల్ 20 ప్రత్యామ్నాయ సర్వీసును ఈ గడువు లెక్కకు సక్రమ సర్వీసుగా తీసుకోరు. అంటే పేపరు ప్రకటనతో వచ్చిన డిక్రీ మీద గడియారం ప్రతివాది ‘నాకు తెలిసింది’ అన్న రోజున మొదలవుతుంది. ఆ రోజును నిరూపించే భారం దాదాపుగా వాది నెత్తిన పడుతుంది. అందుకే సమన్ల దశలో తొందరపడి పేపరు ప్రకటనకు వెళ్ళడం చాలాసార్లు ప్రతివాదికి చేసే ఉపకారం అవుతుంది.

అడ్రసు దగ్గరే మొదలయ్యే తప్పు

పెద్ద ప్రతివాదికి ఇళ్ళు నాలుగుంటాయి. ఊళ్ళో తాతల నాటి ఇల్లు, హైదరాబాదులో విల్లా, ఫామ్‌హౌస్, క్యాంపు ఆఫీసు. దావాలో ఊరి ఇంటి అడ్రసు ఒక్కటే రాస్తే, ‘నేను పదేళ్ళుగా అక్కడ ఉండటమే లేదు’ అన్న ఒక్క అఫిడవిట్‌తో సర్వీసు మొత్తం కూలిపోతుంది. సమన్లు అందించే పద్ధతి చెప్పే ఆర్డర్ 5 మాటిమాటికీ అడిగేది ప్రతివాది మామూలుగా నివసించే చోటు, వ్యాపారం చేసే చోటు, సంపాదన కోసం స్వయంగా పనిచేసే చోటు. ఈ మూడింటికీ వేరువేరు అడ్రసులు, వాటికి ఆధారాలు దావా వేసే రోజే సిద్ధంగా ఉండాలి.

ఎన్నికల్లో పోటీ చేసినవాళ్ళ విషయంలో వాదికి ఒక మేలు ఉంది. నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో అభ్యర్థి చిరునామా, ఫోన్ నంబరు, ఈమెయిల్, సోషల్ మీడియా ఖాతాలు ప్రమాణపూర్వకంగా రాయాలి. అది ఎన్నికల సంఘం వెబ్‌సైటులో అందరికీ కనిపిస్తుంది. ‘ఆ ఈమెయిల్ నాది కాదు’ అని తర్వాత అనడానికి వీల్లేని కాగితం అది. బిల్డర్లకైతే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) ప్రాజెక్టు పేజీలో ప్రమోటరు వివరాలుంటాయి. ఇటీవలి రిజిస్టర్డ్ సేల్ డీడ్‌లో ప్రతివాది తనే చెప్పుకున్న నివాసం ఉంటుంది. ప్రతివాది నోటి నుంచి వచ్చిన అడ్రసుకున్న బలం వాది కనుక్కున్న అడ్రసుకు ఉండదు.

కంపెనీ మీద దావా అయితే పని తేలిక. ఆర్డర్ 29 రూల్ 2 ప్రకారం సెక్రటరీకో, ఏ డైరెక్టరుకో, ఇంకో ముఖ్య అధికారికో ఇవ్వవచ్చు, లేదా రిజిస్టర్డ్ ఆఫీసులో వదిలిపెట్టవచ్చు, పోస్టులో పంపవచ్చు. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 20 కూడా రిజిస్టర్డ్ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టు, స్పీడ్ పోస్టు, కొరియర్, ఎలక్ట్రానిక్ మార్గాలను ఒప్పుకుంటుంది. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీ మాస్టర్ డేటా తీస్తే ఆ రోజుకున్న రిజిస్టర్డ్ ఆఫీసు, ఈమెయిల్ దొరుకుతాయి. తీసిన తేదీ కనిపించేలా ప్రింటు తీసి ఫైల్లో పెట్టాలి. పెద్దమనిషి తను నడిపే కంపెనీని వదిలి వ్యక్తిగతంగా ప్రతివాది అయినప్పుడు మాత్రం కంపెనీ రిసెప్షన్‌లో ఇచ్చిన సమన్లు అతనికి ఇచ్చినట్టు కాదు. ఈ రెండూ కలిపేసి ఒకే కవరు పంపడం వల్ల పాడైన కేసులు కోర్టుల్లో కావలసినన్ని.

గేటు ముందు అమీనా

సమన్లు తీసుకెళ్ళేది కోర్టు ప్రాసెస్ సర్వరు. మన దగ్గర ఇప్పటికీ అమీనా అనే పిలుస్తారు. జీతం చిన్నది, రోజుకు తిరగవలసిన ఇళ్ళు పదుల్లో ఉంటాయి. అతను గేటెడ్ కమ్యూనిటీ ముందు నిలబడితే సెక్యూరిటీ ఫోన్లో అడుగుతాడు, అటునుంచి ‘సార్ లేరని చెప్పు’ అని వినిపిస్తుంది. అంతటితో అమీనా వెనక్కి వచ్చి రిపోర్టు రాస్తాడు. దావా జాతకమంతా ఆ నాలుగు వాక్యాల మీద ఉంటుంది.

సర్వసాధారణంగా కనిపించే రిపోర్టు ఇలా ఉంటుంది: ‘ప్రతివాది ఇంటికి వెళ్ళితిని. ఇంట్లో లేరు. వాచ్‌మన్ తీసుకొనలేదు. కావున వాపసు.’

ఇందులో ఏ ముక్కా పనికిరాదు. ఏ రోజు, ఎన్ని గంటలకు వెళ్ళాడో లేదు. ఇల్లు ఎవరు చూపించారో లేదు. లేరని ఎవరన్నారో, ఎప్పుడొస్తారని అడిగాడో లేదో తెలియదు. వాచ్‌మన్ తీసుకోకపోవడం ప్రతివాది తీసుకోకపోవడం కాదు. ఆర్డర్ 5 రూల్ 15 ప్రకారం ప్రతివాది ఇంట్లో లేనప్పుడు, తగినంత సమయంలో అక్కడ దొరికే అవకాశం లేనప్పుడు, సమన్లు పుచ్చుకోవడానికి ఏజెంటు కూడా లేనప్పుడు, అతనితో కలిసి ఉంటున్న వయసొచ్చిన కుటుంబ సభ్యులెవరికైనా ఇవ్వవచ్చు, ఆడైనా మగైనా సరే. పనివాళ్ళు కుటుంబ సభ్యులు కారని ఆ రూల్ కిందే వివరణ ఉంది. ఆ లెక్కన వాచ్‌మన్, వంటమనిషి, డ్రైవరు, గన్‌మన్, పీఏ ఎవరూ రారు. పీఏకు సమన్లు పుచ్చుకునే అధికారం రాతపూర్వకంగా ఉంటే తప్ప అతని సంతకానికి విలువ లేదు. పెద్ద ఇళ్ళలో మొదట ఎదురయ్యేది ఎప్పుడూ ఈ మనుషులే, కాబట్టి ‘వాళ్ళబ్బాయికి ఇచ్చాం’ అన్నంత సులువుగా అక్కడ పని జరగదు.

నిలబడే రిపోర్టు ఇంకోలా ఉంటుంది. ‘ఫలానా తేదీ ఆదివారం, ఉదయం 7.40 గంటలు. విల్లా నంబరు 46. ఇల్లు చూపించినది కమ్యూనిటీ సూపర్‌వైజరు ఫలానా, నివాసం ఫలానా. ఇంటర్‌కమ్‌లో ప్రతివాది భార్య మాట్లాడి, వారు ఇంట్లోనే ఉన్నారు, కోర్టు కాగితాలు తీసుకోరు అన్నారు. ఇంతకు ముందు ఫలానా రెండు తేదీలలో సాయంత్రం 6.30కు, ఉదయం 9.15కు వెళ్ళితిని, ఊళ్ళో లేరన్నారు, ఎప్పుడు వచ్చేది చెప్పలేదు. సమన్లు, దావా నకలు విల్లా ముందు తలుపుకు అంటించితిని. అంటించినప్పుడు ఉన్నవారు ఫలానా. సాక్షి సంతకం అడిగితే నిరాకరించినారు.’

ఇలా రాస్తేనే రూల్ 17 అడిగిన వివరాలన్నీ వస్తాయి. అంటించిన సంగతి, ఏ పరిస్థితుల్లో అంటించారన్నది, ఇల్లు గుర్తుపట్టి చూపిన మనిషి పేరూ అడ్రసూ, ఎవరి సమక్షంలో అన్నదీ చెప్పాలి. ఊళ్ళో పెద్దమనిషి మీద సాక్షి సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రారు, వాళ్ళను తప్పుపట్టడానికీ లేదు. రూల్‌లో కూడా ‘ఎవరైనా ఉంటే’ అన్న మాట ఉంది. సంతకం దొరకకపోతే రిపోర్టు చెడిపోదు. అడిగామనీ, వద్దన్నారనీ రాయకపోతేనే చెడుతుంది.

అసలు చిక్కు తలుపు దగ్గరుంది. అంటించవలసింది ప్రతివాది ఇంటి బయటి తలుపుకో, ఆ ఇంట్లోనే నలుగురికీ కనిపించే చోటో. కమ్యూనిటీ పెద్ద గేటు ఆ ఇంటి తలుపు కాదు. గేటుకు అంటించి వచ్చిన రిపోర్టు మీద మంచి లాయరు ఒక్క ప్రశ్న వేస్తే చాలు. లోపలికి రానివ్వకపోతే ఆ సంగతి రిపోర్టులో రాయించి, లోపలికి పంపేలా అసోసియేషన్‌ను ఆదేశించమనో, పోలీసు సాయం ఇవ్వమనో వెంటనే ఐఏ (దావా మధ్యలో వేసే పిటిషన్) వేయాలి. ఈ పిటిషన్ పడిందంటే చాలాసార్లు తర్వాతి వాయిదాకు ప్రతివాది తరఫున లాయరు వకాలత్ వస్తుంది, ఎందుకంటే గేటు దగ్గర పోలీసు జీపు ఆగడం ఏ పెద్దమనిషికీ ఇష్టం ఉండదు.

తీసుకోను అని ముఖం మీదే అన్నా అంటించడం తప్పదు. 2002లో ఒక అద్దె కేసులో సుప్రీంకోర్టు ఎక్స్‌పార్టీ డిక్రీని కొట్టేసింది. నిరాకరించాడని రిపోర్టు ఉంది కానీ ఇంటికి అంటించలేదు, సాక్షీ లేడు. 2018లో నీర్జా రియల్టర్స్ కేసులోనూ ఇదే జరిగింది. రూల్ 17 ప్రకారం అంటించకుండానే సమన్లు వెనక్కి వస్తే, దాని మీద పేపరు ప్రకటనకు వెళ్ళి తెచ్చుకున్న డిక్రీ నిలబడలేదు. ఇప్పుడు కొన్ని చోట్ల అమీనాల ఫోన్లలో ఎన్‌స్టెప్ అనే యాప్ ఉంది. ఎక్కడ, ఎన్ని గంటలకు వెళ్ళిందీ జీపీఎస్‌తో, ఫొటోతో నమోదవుతుంది. ఆ రికార్డు ఫైల్లోకి వచ్చిందో లేదో వాది తరఫు గుమాస్తా చూసుకోవాలి.

ఇక రూల్ 19ని దాదాపు ఎవరూ వాడుకోరు. అంటించి తిరిగొచ్చిన సమన్ల మీద అమీనా అఫిడవిట్ లేకపోతే కోర్టు అతన్ని ప్రమాణం మీద విచారించి తీరాలి, ఆ తర్వాత సర్వీసు సక్రమమని ప్రకటించాలి. డాకెట్ షీట్‌లో (వాయిదాల వారీగా కోర్టు ఉత్తర్వులు రాసే కాగితం) ఆ ప్రకటన లేకుండా నేరుగా ‘పిలిచినా రాలేదు, ఎక్స్‌పార్టీ’ అని పడితే ఆ డిక్రీకి పునాది లేనట్టే. అమీనాను బోనెక్కించమని వాదే అడగాలి. పది నిమిషాల పని, ఐదేళ్ళ తర్వాత డిక్రీని కాపాడేది అదే.

పోస్టు కవరు మీద రాత

అమీనాతో పాటు పోస్టులోనూ పంపాలి. ఇక్కడ చట్టం వాదికి కొంత మేలు చేసింది. అమీనా ముందు నిరాకరిస్తే అంటించాలి, పోస్ట్‌మన్ ముందు నిరాకరిస్తే అంటించే పనే లేదు. ‘రిఫ్యూజ్డ్’ అని కవరు వెనక్కి వస్తే సమన్లు సక్రమంగా అందినట్టు కోర్టు ప్రకటించాలని ఆర్డర్ 5 రూల్ 9 సబ్‌రూల్ 5 చెబుతోంది. అడ్రసు సరిగ్గా ఉండి, డబ్బు కట్టి, రసీదు కోరుతూ రిజిస్టర్డ్ పోస్టులో పంపితే, రసీదు పోయినా, సమన్లు ఇచ్చిన 30 రోజుల్లో తిరిగి రాకపోయినా అందినట్టే.

ఈ సంగతి తెలిసిన ప్రతివాది నిరాకరించడు. ‘డోర్ లాక్డ్’, ‘అడ్రస్సీ లేరు’, ‘సమాచారం ఇచ్చాం, తీసుకోలేదు’, ‘లెఫ్ట్’ (వెళ్ళిపోయారు) అని రాయిస్తాడు. వీటన్నిటికీ ఒకే విలువ లేదు. చెక్ బౌన్స్ నోటీసుల్లో తాళం వేసి ఉందన్నా, తీసుకోలేదన్నా జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 27 కింద అందినట్టుగానే కోర్టులు భావిస్తున్నాయి. సివిల్ సమన్లలో రూల్ చెప్పింది నిరాకరణ గురించి, కాబట్టి తాళం రాతతో వచ్చిన కవరు ఒక్కదాని మీదే ఆధారపడకుండా రెండో అడ్రసుకు పంపడం, అంటించడం జరగాలి. ‘లెఫ్ట్’ అని వస్తే అడ్రసే తప్పన్నమాట, దాన్ని బట్టి అందినట్టు భావించడానికి వీల్లేదు.

చెక్కు కేసుల్లో తప్పించుకునేవాళ్ళ ఆటను సుప్రీంకోర్టు 2007లో చక్కగా కట్టిపడేసింది. నోటీసు అందలేదనే నిందితుడు కోర్టు సమన్లు, ఫిర్యాదు నకలు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టి కేసు కొట్టేయమని అడగవచ్చు. అలా కట్టనివాడికి నోటీసు అందలేదనే హక్కు లేదు. డబ్బు కట్టడం ఇష్టంలేక నోటీసు దాచినవాడికి ఆ వాదన వల్ల కలిసొచ్చేది ఏమీ లేకుండా పోయింది.

ఇంకో ఎత్తు కూడా ఉంది: కవరు తీసుకుని, ‘లోపల తెల్లకాగితాలే ఉన్నాయి’ అనడం. సమన్లతో పాటు దావా నకలు ఉండాలని రూల్ 2 చెబుతుంది కాబట్టి నకలు లేకపోతే సర్వీసు సగమే. కవరు మీదే లోపలున్న కాగితాల జాబితా, పేజీల సంఖ్య రాయాలి. మూసే ముందు ఫొటో తీయాలి, పోస్టాఫీసు రసీదులో వచ్చిన బరువు ఆ పేజీలకు సరిపోయేలా ఉందో చూసుకోవాలి. 120 పేజీల దావా 20 గ్రాములు తూగదు.

వాట్సాప్ సంగతికొస్తే, క్రెడిట్ కార్డు బాకీ కేసులో పీడీఎఫ్‌గా పంపిన నోటీసును ప్రతివాది తెరిచి చూసినట్టు గుర్తులు కనపడుతున్నాయి కాబట్టి అందినట్టేనని 2018లో బొంబాయి హైకోర్టు అంది. కోవిడ్ రోజుల్లో, 2020 జులై 10న, వాట్సాప్ లాంటి వాటితో నోటీసులు, సమన్లు పంపవచ్చని, అదే రోజు ఈమెయిల్ కూడా పంపాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. వీటిని అసలు సర్వీసుకు తోడుగా వాడుకోవాలి కానీ ప్రత్యామ్నాయంగా కాదు. నీలం గుర్తులు ఆపేసుకోవడం ఒక్క నొక్కు పని. వాటి అసలు ఉపయోగం వేరే చోట ఉంది, అది చివర్లో వస్తుంది.

గడియారం ఎవరిది

ప్రతివాది ఎంత తప్పించుకున్నా వాది తన పని సమయానికి చేస్తేనే కోర్టు అతని పక్కన నిలబడుతుంది. ఆర్డర్ 9 రూల్ 5 ప్రకారం సమన్లు అందకుండా తిరిగొచ్చాక 7 రోజుల్లో కొత్త సమన్లు అడగకపోతే ఆ ప్రతివాది మీద దావా కొట్టేయవచ్చు. ఇంతకు ముందు ఆ గడువు నెల రోజులుండేది, 2002 జులై 1 నుంచి తగ్గింది. బత్తా (సమన్లు పంపడానికి కోర్టుకు కట్టే రుసుము) కట్టకపోయినా ప్రమాదమే. వాయిదా తేదీ దాకా ఆగి, ఆ రోజు ‘స్టెప్స్ తీసుకుంటాం’ అనే అలవాటు వల్ల ఒక్కో సమన్లకు నెలన్నర పోతుంది. అమీనా రిపోర్టు నాజరు (అమీనాల పని చూసే కోర్టు ఉద్యోగి) దగ్గరికి వచ్చిన రోజే చూసి మర్నాడు బత్తా కట్టిన వాదికి అదే పని పది రోజుల్లో అవుతుంది. ఆర్డర్ 5 రూల్ 9ఏ కింద సమన్లు చేతికి తీసుకుని దస్తీగా వాదే ఇచ్చే వీలూ ఉంది. రాజకీయ నాయకుడు సభలో, పెళ్ళిలో, పార్టీ ఆఫీసులో నలుగురి మధ్య దొరుకుతాడు. లోక్‌సభ ప్రాంగణంలో మాత్రం స్పీకర్ అనుమతి లేనిదే కోర్టు కాగితాలు ఇవ్వకూడదు. సమావేశాలప్పుడు, వాటికి ముందూ వెనకా 40 రోజులు సభ్యులను సివిల్ కేసుల్లో అరెస్టు చేయకూడదనే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 135ఏ రక్షణను చూపించి సమన్లే ఇవ్వకూడదనే వాళ్ళున్నారు. అది తప్పు, ఆ రక్షణ అరెస్టుకే.

కమర్షియల్ దావాల్లో తప్పించుకునే ఆశ ఇంకా ఎక్కువ. అక్కడ సమన్లు అందిన 120 రోజులు దాటితే రిటన్ స్టేట్‌మెంట్ వేసే హక్కే పోతుందని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. మామూలు దావాలో 90 రోజులు దాటినా కోర్టు దయ చూపవచ్చు, ఇక్కడ ఆ దయ లేదు. కాబట్టి సమన్లు అందిన తేదీని వీలైనంత వెనక్కి నెట్టడమే ప్రతివాది పని, ఆ తేదీని రోజుతో సహా నిరూపించుకోవడం వాది పని.

తప్పించుకోవడం వల్ల ప్రతివాదికి లాభం లేని విషయాలూ ఉన్నాయి, వాటిని వాదులు గట్టిగా వాడుకోవాలి. స్థలం తగాదాలో సమన్లు అందేలోపు ఆస్తి అమ్మేద్దామనుకుంటే కుదరదు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 ప్రకారం దావా పెండింగులో ఉన్నట్టు లెక్క మొదలయ్యేది దావా దాఖలైన రోజు నుంచి, సమన్లు అందిన రోజు నుంచి కాదు. కొన్నవాడు డిక్రీకి కట్టుబడాలి. డబ్బు దావాలో ఆర్డర్ 38 రూల్ 1 ఉంది: కోర్టు కాగితాలను తప్పించుకోవాలనే ఉద్దేశంతో ప్రతివాది పారిపోయాడని, ఊరు విడిచాడని అఫిడవిట్‌తో చూపిస్తే హామీ ఇవ్వడానికి కోర్టు అతన్ని వారంటు మీద పిలిపించవచ్చు. నాలుగు సరైన రిపోర్టులు చేతిలో ఉంటే ఈ పిటిషన్‌కు బలం వస్తుంది. తప్పించుకోవడమే అప్పుడు అతని మీద సాక్ష్యమవుతుంది.

సముద్రం అవతల

విదేశీ ప్రతివాది అంటే హేగ్ సర్వీసు ఒప్పందం, ఒక దేశపు కోర్టు కాగితాలు ఇంకో దేశంలో అందించే పద్ధతి చెప్పేది. భారత్‌లో ఇది 2007 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. బయటి దేశం నుంచి నేరుగా పోస్టులో సమన్లు పంపడానికి వీల్లేదని భారత్ అభ్యంతరం పెట్టుకుంది, కాబట్టి న్యాయ మంత్రిత్వ శాఖ ద్వారానే రావాలి. అమెరికా కోర్టులో వేసిన విడాకుల కాగితాలు హైదరాబాదులోని భార్యకు కొరియర్లో పంపి ఊరుకోవడం ఈ ఒప్పందం ప్రకారం సర్వీసు కాదు. తెలుగు కుటుంబాలు తరచూ దెబ్బతినేది ఇక్కడే.

పెద్ద ప్రతివాదుల కేసుల్లో ఈ దారి ఎంత ఇరుకో అందరికీ కనిపించింది. 2024 నవంబరులో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ (అక్కడి స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ) గౌతమ్ అదానీ, సాగర్ అదానీల మీద న్యూయార్క్‌లో సివిల్ దావా వేసింది. ఆరోపణలను అదానీ గ్రూపు ఖండించింది. 2025లో హేగ్ దారిలో భారత న్యాయ శాఖ ద్వారా పంపాలని చేసిన ప్రయత్నం నెరవేరలేదు. 2026 జనవరిలో కమిషన్ ఈమెయిల్ ద్వారా, అమెరికాలోని లాయర్ల ద్వారా ఇవ్వనివ్వమని కోర్టును అడిగింది. ఆ నెల చివరికి లాయర్లు కాగితాలు తీసుకోవడానికి ఒప్పుకున్నారు. ఇక్కడ ఆలస్యం అయింది ప్రభుత్వాల మధ్య కాగితాల దగ్గర, ప్రతివాది ఇంటి గేటు దగ్గర కాదు. కానీ ముడి విడిపోయిన తీరు ఆండ్రూ కేసులో లాంటిదే: ప్రతివాది నమ్ముకున్న లాయరు కళ్ళముందే ఉన్నప్పుడు అతని చేతికివ్వడం.

అమెరికా నియమాల్లో మనం తెచ్చుకోవలసింది ఒకటుంది. ఫెడరల్ రూల్ 4 కింద వాది ముందుగా పోస్టులో దావా పంపి, లాంఛనంగా సమన్లు ఇవ్వనక్కర్లేదని సంతకం పెట్టమని ప్రతివాదిని అడుగుతాడు. పెడితే జవాబుకు 60 రోజులు దొరుకుతాయి, లేకపోతే 21 రోజులే. సరైన కారణం లేకుండా పెట్టకపోతే, సమన్లు ఇవ్వడానికైన ఖర్చు ప్రతివాదే కట్టాలి, ఆ ఖర్చు రాబట్టడానికి వేసిన పిటిషన్‌కు లాయరు ఫీజుతో సహా. మన ఆర్డర్ 5లో తప్పించుకున్నవాడికి నేరుగా పడే ఖర్చు ఒక్క రూపాయి లేదు. పైగా రూల్ 30 ఇంకా ఉంది: ప్రతివాది హోదా అలాంటిదని కోర్టు అనుకుంటే, సమన్లకు బదులు జడ్జి సంతకంతో మర్యాదగా లేఖ పంపవచ్చు. అదే పుస్తకంలో, హోదాను అడ్డం పెట్టుకుని తలుపు తీయనివాడికి ఖర్చు వేసే రూల్ కూడా ఉండి తీరాలి.

డిక్రీ వచ్చిన రోజు చేయవలసింది

పేపరు ప్రకటన తప్పనిసరి అయినప్పుడు ప్రతివాది ఆఖరుగా నిజంగా నివసించిన, వ్యాపారం చేసిన ప్రాంతంలో తిరిగే దినపత్రికలోనే వేయాలి. హైదరాబాదులో ఉండేవాడి ప్రకటన ఏ జిల్లా ఎడిషన్‌లోనో వేస్తే పనికిరాదు. పిటిషన్‌లో ‘సమన్లు అందలేదు, ప్రకటనకు అనుమతించండి’ అన్న రెండు లైన్లు చాలవు. ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ, ఏ రాతతో వెనక్కి వచ్చాయో తేదీల వారీగా చెప్పి, తప్పించుకుంటున్నాడని నమ్మడానికి కారణాలు కోర్టు తన ఉత్తర్వులో రాసేలా చూడాలి. పత్రిక పూర్తి పేజీ దాఖలు చేయాలి, కత్తిరించిన ముక్క కాదు.

ఇదంతా అయ్యాక డిక్రీ వస్తుంది. చాలామంది అప్పుడు ఆరు నెలలు చప్పుడు చేయకుండా ఉండి, తర్వాత అమలుకు వెళతారు. అది పొరపాటు. ఆర్డర్ 9 రూల్ 13 రెండో నిబంధన ప్రకారం, సర్వీసులో లోపం ఉన్నా, వాయిదా తేదీ ప్రతివాదికి తెలుసనీ హాజరు కావడానికి సమయం ఉందనీ రుజువైతే ఆ లోపం ఒక్కదాని మీదే డిక్రీ రద్దు చేయకూడదు. వాట్సాప్, ఈమెయిల్, ఎన్నికల అఫిడవిట్‌లోని నంబరుకు పంపిన మెసేజీలు, ప్రతివాది వేరే కోర్టులో వేసిన కేవియట్‌లోనో (తన మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దనే ముందస్తు అర్జీ) పిటిషన్‌లోనో ఈ దావా నంబరు ప్రస్తావించిన కాగితం, ఇవన్నీ అక్కడ అక్కరకొస్తాయి. అందుకే డిక్రీ సర్టిఫైడ్ కాపీ చేతికి వచ్చిన రోజే దాన్ని ప్రతివాది ప్రతి అడ్రసుకూ రసీదు కోరే పోస్టులో, ఈమెయిల్లో, వాట్సాప్‌లో, అతని లాయరుకూ పంపి, రసీదులన్నీ ఒక మెమోతో కోర్టు ఫైల్లో వేయాలి. తెలిసిన రోజు ఏదన్నది అప్పుడు వాది చేతిలో ఉంటుంది, 30 రోజులు ఆ రోజు నుంచి నడుస్తాయి. 31వ రోజున ప్రతివాది పిటిషన్ వేస్తే దానితో పాటు ఆలస్యం మన్నించమనే పిటిషన్ కూడా వేయాలి, కోర్టు దాన్ని ఒప్పుకున్నా డిక్రీ సొమ్ములో కొంత ముందు డిపాజిట్ చేయించమని షరతు అడిగే వీలు రూల్ 13లోనే ఉంది.